మసకాసురుడి ముఖం

కుంకుమగిరి రాజ్యానికి ఒక వింత ఆపద వచ్చిపడింది. తూర్పు కొండల నుంచి తెల్లని మంచు దిగివచ్చి వీధుల్లో తిష్ఠ వేసింది. అది తాకినవారి మనసులోంచి ఎదుటివారి ముఖం జారిపోయేది. దాని వెంటే పేరూ, గొంతూ కూడా పోయేవి. రాజుగారు రోజూ కొలువుకు వచ్చి, కిరీటం చూపించి, నేనే రాజునని చెప్పుకోవలసి వచ్చింది. ఒక పెళ్లిలో వరుణ్ణి వదిలేసి వంటవాణ్ణి పీటల మీద కూర్చోబెట్టారు. వినడానికి నవ్వొస్తుంది గాని, పిల్లలూ, ఆ మంచు మీ ఇంటి గడప దాటితే నవ్వు రాదు.

నాంచారి ఇంటి గడప అది దాటనే దాటింది. ఒక ఉదయం ఆ పిల్ల వంటింట్లోకి వెళ్లి ఆకలేస్తోందంటే, తల్లి సాయమ్మ గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయింది.

"ఎవరమ్మా నువ్వు? దారి తప్పావా, పాపం. కూర్చో, గంజి పోస్తాను" అంది ఎంతో దయగా.

ఆ దయకే నాంచారి గుండె తరుక్కుపోయింది. అంతకన్నా అమ్మ రెండు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది.

నాంచారి బింబవిద్య నేర్చుకుంటోంది. ఆ విద్యకు పనిముట్టు ఒక చీకటిపెట్టె. దాని ముందు చిన్న రంధ్రం, రంధ్రానికి మూత, లోపల వెండిపూత రేకు. మూత తీసి ఎదుటివారి వెలుగును లోపలికి రానిచ్చి, మళ్లీ మూసి, రేకును చీకట్లో ఉప్పునీళ్లతో కడిగితే బింబం శాశ్వతంగా నిలుస్తుంది. కడగకముందు ఎండ తగిలితే మాత్రం రేకంతా నల్లగా మాడిపోతుంది. నాంచారికి ఆత్రం ఎక్కువ. ఎలా వచ్చిందో చూద్దామని పెట్టె తెరిచి ఆమె మాడ్చిన రేకులతో ఒక ఇంటికి కప్పు వేయవచ్చు.

ఆమె ఏడుస్తూ గురువు కాంతయాచార్యుల దగ్గరికి పరుగెత్తింది. ఆమెలాగే చీకటిగదిలో పనిచేసే ఆయననూ మంచు ఇంకా తాకలేదు.

"ఇది అద్దాలకొండ మీది మసకాసురుడి పని" అన్నాడాయన. "వాడి నిజమైన ముఖం రేకు మీద నిలిస్తే, వాడు దోచినవన్నీ ఇళ్లకు తిరిగొస్తాయి. నా కళ్లకు చూపు ఆనడం లేదు. నువ్వే వెళ్లాలమ్మా."

"నాకు కుండల బొమ్మలూ, కోళ్ల బొమ్మలూ తీయడమే కదండీ వచ్చు?"

"మిగతాది దారిలో నేర్చుకుంటావు. ముందు కదిలేదాన్ని పట్టు, తర్వాత దాక్కునేదాన్ని పట్టు, ఆ తర్వాతే వాడి దగ్గరికి పో. ఎవరినీ అడగకుండా మాత్రం మూత తీయకు."

రేకులు నాలుగే మిగిలాయి. వాటినీ, ఉప్పుమూటనూ, నల్లగొంగడినీ పెట్టెతో పాటు వీపున కట్టుకుని నాంచారి బయలుదేరింది.

అడవి మొదట్లోనే గాలిలేడి ఎదురైంది. దాని గిట్టలు గడ్డిని తాకితే గడ్డి వంగడం లేదు. అది వెళ్లిన దారంతా వెలుగు చార ఒకటి కాసేపు నిలిచి మెల్లగా ఆరిపోతోంది. నాంచారి నోరు తెరుచుకుని చూసింది.

"నా బొమ్మ పడితేనే ఈ అడవిలో దారి ఇస్తాను. నా వైపు నుంచి అభ్యంతరం లేదు, నీ చేతనైతే పట్టుకో" అంది లేడి.

నాంచారి పెట్టె మోస్తూ దాని వెంట పడింది. ఆయాసంతో ఒకచోట మూత తీసి మూసింది. ఆగలేక రేకు బయటకు లాగి చూసింది. రేకు కాస్తా ఆమె కళ్ల ముందే నల్లబడిపోయింది.

"మాడకపోయినా అందులో నా తోక తప్ప ఏముంటుందిలే? వెనక నుంచి పరుగెత్తావు కదా" అంది లేడి.

నాంచారికి సిగ్గేసింది. వెంటపడడం మానేసి, గిట్టల గుర్తులు దట్టంగా ఉన్న సెలయేటి ఒడ్డున కూర్చుంది. తెల్లవారి లేడి నీళ్లు తాగడానికి వచ్చింది. వంగబోతూ, నీటిలోని సూర్యుణ్ణి చూసి తనే ముచ్చటపడి ఒక్క ఊపిరిసేపు ఆగింది. అడవి కూడా దానితో పాటు ఆగినట్టనిపించింది. నాంచారి మూత తీసి మూసింది. చూడాలని చేతులు దురదపెడితే, రెండు చేతుల మీదా కూర్చుంది. ఆత్రం తగ్గాకే గొంగడి కప్పుకుని రేకు కడిగింది. బొమ్మలో లేడి కన్ను, ఆ కంటిలో బుల్లి సూర్యుడు కూడా ఉన్నాడు. లేడి తల వంచి దారి ఇచ్చింది.

అడవి దాటాక నల్లేరు అనే నది వచ్చింది. తన రూపం కనబడకుండా ఆ నీటిని ఎప్పుడూ బురద చేసే రక్కసి ఒకతె అక్కడ ఉంది.

"నన్ను చూశావంటే నమిలేస్తా. పోవే పిల్లా" అని అరిచింది పొదల చాటు నుంచి.

నాంచారి రెండడుగులు వెనక్కి వేసింది. అయినా గురువు మాట గుర్తొచ్చింది. "అవ్వా, కాసేపు ఈ పెట్టె ముందు కూర్చుంటావా? నీకిష్టమైతేనే మూత తీస్తాను."

"నన్ను చూసి కేకలు పెట్టినవాళ్లే గాని, ఇష్టమేనా అని అడిగినవాళ్లు లేరే" అంటూ రక్కసి బయటికి వచ్చి, కోరలకు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నాంచారి మూత తీయకుండా, నీకేం కూర ఇష్టమవ్వా అని అడిగింది. చింతచిగురు పప్పు సంగతి చెప్పుకుంటూ రక్కసి కోరలను మరిచిపోయి పకపకా నవ్వింది. ఆ నవ్వే రేకు మీద నిలిచింది.

దాన్ని చూసుకుని రక్కసి కళ్లు తుడుచుకుంది. "మసకడు నా మేనల్లుడేనే. మంచులో పుట్టి మంచులోనే పెరిగాడు. వాడి ముఖం వాడెన్నడూ చూసుకోలేదు. అందుకే అందరివీ దోచుకొచ్చి, ఇదే నాదేమోనని తగిలించుకుంటుంటాడు" అని చెప్పి, ఆమెను భుజం మీద కూర్చోబెట్టుకుని నది దాటించింది.

అద్దాలకొండ ఎక్కిన నాంచారికి ఊపిరి ఆడలేదు. కొండ అంతా నున్నని రాళ్లు, ప్రతి రాతిలోనూ ఒక ముఖం. రాజ్యంలోని ముసలివాళ్లూ, పసిపాపలూ, ఎవరి నవ్వు వాళ్లది, ఎవరి ముడతలు వాళ్లవి. ఇన్ని ముఖాలలో ఏ ఒక్కటీ మరొకదానిలా లేదని ఆమెకు మొదటిసారి తెలిసింది. వాటి నడుమ ఒక పొగ సుడి తిరుగుతోంది.

"అయ్యా, నీ బొమ్మ తీయవచ్చునా?" అని అడిగింది.

"ఏది నాది? నువ్వే చెప్పు" అంటూ మసకాసురుడు రాజు ముఖం తొడిగాడు. నాంచారి మూత తీయలేదు. వాడు ముఖం వెంట ముఖం మార్చాడు, తీసిన ప్రతిదీ రాతిలోకి విసిరాడు. చివరికి సాయమ్మ ముఖంతో ఆమె వైపు తిరిగాడు.

"నాంచారీ, నా తల్లీ, నన్ను తీసుకుపోవే" అంది ఆ ముఖం.

ఉన్నది ఒక్క రేకు. మూత తీస్తే అమ్మ ముఖం ఆమెదే. తనను గుర్తుపట్టే ఆ ముఖాన్ని ఇంటికి తీసుకుపోవచ్చు. మిగతా రాజ్యం ఇలాగే ఉండిపోతుంది. నాంచారి వేళ్లు మూత మీదికి వెళ్లాయి. కళ్లలో నీళ్లు ధారగా కారాయి. "అది మా అమ్మది. నీది చూపించు, నేను ఆగుతాను" అంది.

వాడు ఆ ముఖాన్నీ తీసేశాడు. ఇక తొడుక్కోవడానికేమీ లేక సుడి నెమ్మదించి, ఆగింది. పొగలో బెదురు కళ్లతో, పెద్ద చెవులతో ఒక ముఖం కనిపించింది.

"తీసుకో" అంది అది మెల్లగా.

మూత తెరుచుకుని, మూసుకుంది.

"చూపించు, ఇప్పుడే చూపించు" అని మసకాసురుడు పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు తెరిస్తే మాడిపోతుంది. ఆ ఆత్రం ఎలాంటిదో నాకు తెలుసు. చేతుల మీద కూర్చో" అంది నాంచారి. అంతటి అసురుడూ చేతుల మీద కూర్చున్నాడు.

రేకు కడిగి చేతికిచ్చింది. వాడు చెవులు తడుముకుని, బొమ్మ చూసి, మళ్లీ తడుముకున్నాడు. "ఇదా నేను" అన్నాడు. అనగానే కొండరాళ్లన్నీ ఒక్కసారిగా తళుక్కుమన్నాయి. వేలవేల ముఖాలు వెలుగు పిట్టలై లేచి, ఆకాశమంతా పరుచుకుని కుంకుమగిరి వైపు ఎగిరిపోయాయి. మంచు వాటి రెక్కల కింద కరిగిపోయింది. అసురుడూ, నాంచారీ పక్కపక్కన నిలబడి, చివరి పిట్ట కనుమరుగయ్యేదాకా చూశారు.

తరువాత రాజుగారు నాంచారిని ఆస్థాన బింబకారిణిని చేశారు. ఉప్పునీళ్లు కలిపే పని మసకాసురుడు అడిగి తీసుకున్నాడు. అవన్నీ జరిగాయి గాని, ఆమె ముందుగా పరుగెత్తింది ఇంటికే.

సాయమ్మ వాకిట్లో నిలబడి ఉంది. కూతురిని చూడగానే గరిటె ఎత్తింది.

"ఎక్కడ తిరిగావే ఇన్నాళ్లు? ఆ ముఖం చూడు, ఎండకి ఎలా కమిలిపోయిందో. చెప్పాపెట్టకుండా పోతావా, నా ప్రాణం తీయడానికి పుట్టావే నువ్వు."

నాంచారి గడప మీద కూర్చుని, కడుపు నిండా ఆ తిట్లు విన్నది.