టేపు తిరిగిన గది

వినుకొండ బస్టాండు వెనక సందులో మూతపడ్డ రికార్డింగు గది ఒకటుంది. పొద్దుగూకితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. లోపల ఆడమనిషి పాడుతుందంటారు. ఎప్పుడో ఒకామె అక్కడ తన పాటలతో కేసెట్టు చేయించుకుందట. అది అమ్ముడుపోలేదు. ఆమె ఏమైందో ఎవరికీ తెలియదు... చచ్చిపోయిందనే అనుకున్నారు.

ఏసీ మెకానిక్ ఐజాజ్‌ది నాదెండ్ల. ఇవన్నీ టీకొట్టు దగ్గర విని నవ్వుకున్నాడు. గది ఓనరు ఇమాం సాహెబ్ పాత ఏసీ విప్పమని చెప్పి ఊరెళ్లాడు. ఐజాజ్ ఫోను బండి డిక్కీలో పడేసి, ఏసీ నడుస్తుందేమో చూద్దామని మెయిన్ స్విచ్ వేసి లోపలికెళ్లాడు. గదిలో బల్బు లేదు. తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టి, బయటి వెలుతురులోనే పనికి దిగాడు.

స్టూలు దిగుతుంటే కాలు తగిలింది. ఇటుక జరిగింది.

తలుపు మెత్తగా మూసుకుంది.

కటిక చీకటి. తడిమి చూశాడు. లోపలివైపు పిడి లేదు. గోడల నిండా స్పాంజి. అరిచాడు. ఆ అరుపు వాడి నోటి దగ్గరే ఆగిపోయింది. గుద్దాడు, తన్నాడు. గాలి బరువెక్కుతోంది...

అప్పుడు వినపడింది.

తంబూర. దాని వెనకే ఆడగొంతు.

ఐజాజ్ గోడకి అతుక్కుపోయాడు. గోడలోని అద్దం అవతల, రికార్డింగు మిషన్లుండే గదిలో చిన్న ఎర్రదీపం కనపడింది. టేపు డెక్కు. మెయిన్ తనే వేశాడు గదా... ఎవరో మీట నొక్కి వదిలేసుంటారు. అలా సర్దిచెప్పుకున్నా గోడని వదల్లేదు.

పారిపోయే దారి లేక విన్నాడు. ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నట్టుంది. ఒక పాటలో క్వారీకి పంపిన అన్నం క్యారేజీ మూత తీయకుండానే తిరిగొచ్చింది. ఇంకో పాటలో ఒకామె రోజూ బస్టాండుకొచ్చి ఏ బస్సూ ఎక్కకుండా ఇంటికి పోతుంది. ఇట్లాంటి పాటలు ఎవరూ ఎందుకు వినలేదో వాడికి అర్థం కాలేదు.

ఊపిరి మళ్లీ బిగిసింది. లేచి తలుపు బాదబోయాడు. చివరి పాట మొదలైంది.

"గడియకు చెవుల్లేవు, గట్టిగా పిలవకు...
గోడకానుకుని కూర్చో, నేనున్నా..."

చేయి గాల్లోనే ఆగింది. కూర్చున్నాడు. పాట అయిపోయే దాకా కదల్లేదు.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఇడ్లీబండి నడిపే హెప్సిబా నిలబడి ఉంది.

"నీ బండి ఇందాకట్నుంచీ బయట అట్నే ఉంది, మనిషి బయటికి రాలా. ఏందబ్బాయ్, ఇరుక్కుపోయావా?"

"టేపు తిరిగిందక్కా... పాటలు విన్నా."

ఆమె మొహం మారింది. "అన్నీ విన్నావా?" గొంతు తగ్గించింది. "నా పాటలేరా అవి. ఇన్నేళ్లలో ఎవరూ పూర్తిగా వినలా."

ఐజాజ్‌కి ఒళ్లు తేలికైంది. పాడింది దెయ్యం కాదు, బతికున్న మనిషి.

"అన్నీ చానా బాగున్నయ్యక్కా. ఆ చివరిది... గోడకానుకుని కూర్చో, నేనున్నా అనేది... అది లేకపోతే లోపలే పోయేవాణ్ణి."

హెప్సిబా మెల్లగా మెట్టు మీద కూలబడింది.

"దాని వరసేంది?"

ఐజాజ్ కూనిరాగం తీశాడు. ఆమె చేయి అడ్డం పెట్టి ఆపింది.

"అది కేసెట్లో లేదబ్బాయ్... నిన్న రాత్రి మనసులో కట్టుకున్నా. ఇంకా పైకి పాడలా."