పచ్చ తీగ ముందు

"నాలుగింటికి ఆ కబురు పోకపోతే మీ బావ చస్తాడు. పోయినా చస్తాడు," అన్నాడు పెద్దాయన, రేపు వాన పడొచ్చు అన్నంత తేలిగ్గా.

ఆయన గూఢచారి శాఖ అధిపతి. ఎదురుగా నిలబడ్డది ఆ శాఖలో ఉడుత అని పేరుపడ్డ ఏజెంట్. అతని అక్క భర్త చాలాకాలంగా సరిహద్దు అవతల మారువేషంలో ఉన్నాడు. ఇవాళ తిరిగి వస్తున్నాడు. పాత దారి శత్రువుకు తెలిసిపోయింది, కొత్త దారి చెప్పాలి. చెప్పడానికున్న లైన్ ఒక్కటే, అది సిగ్నల్ ఆఫీసులో ఉంది. ఆ లైన్‌కు ఎవరో చెవి ఒగ్గారని గట్టి అనుమానం. కొత్త దారి కూడా వాళ్లకు తెలిస్తే తుపాకులతో అక్కడే కాచుకుంటారు.

అక్కడి సర్వర్ రూమ్‌లోకి వెళ్లేది ఇద్దరే. ఒకడు కేబుల్ మేస్త్రి. రెండోది చిలక అనే నెట్‌వర్క్ ఇంజనీర్, ఒకప్పుడు శత్రువుల ఏజెంట్, నిరుడు మన వైపు తిరిగింది. మేస్త్రి మీద కన్నేసి ఉంచమనీ, చిలక మన మనిషేననీ పెద్దాయన చెప్పాడు. మన మనిషే అని ఎవరైనా నొక్కి చెబితే ఉడుతకు వీపు దురద పెడుతుంది.

మధ్యాహ్నానికి ఉడుత ఏసీ మెకానిక్ అయ్యాడు. మాసిన యూనిఫాం, భుజాన నిచ్చెన, చేతిలో థర్మామీటర్, దాని లోపల కెమెరా. చిలక గుమ్మంలోనే ఎదురైంది. ఆవిడ నడిచొస్తుంటే సెక్యూరిటీ వాడు సంతకం పెట్టించుకోవడం కూడా మరిచిపోయాడు.

"గాలి బరువుగా ఉందండీ," అన్నాడు ఉడుత.

"ఫిల్టర్ మార్చి చూడండి," అంది చిలక.

కోడ్ కుదిరింది. మేస్త్రి పొద్దుట్నుంచీ సర్వర్లుండే ర్యాక్ వెనకే తచ్చాడుతున్నాడని ఆమె గుసగుసగా చెప్పింది. తన పనంతా కీబోర్డు మీదేనట, కేబుల్ కొనకు కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ పట్టుకోవడం కూడా రాదట. నవ్వుతూ గోళ్ల రంగు చూపించింది.

మేస్త్రి మాత్రం ఉడుతను వదల్లేదు. ఏసీ అక్కడుంటే ర్యాక్ దగ్గర నీకేం పని అని రెండుసార్లు నిలదీశాడు. దొంగైతే ఇంత ధైర్యంగా అడుగుతాడా? దొంగ కాబట్టే అడుగుతున్నాడా? ఆ గదిలో ఎవరూ ఎవరినీ నమ్మడం లేదు.

మేస్త్రి టీకి వెళ్లగానే, చిలక ఫోన్‌లో ఉండగా, ఉడుత ర్యాక్ తలుపు తెరిచాడు. పైన ప్యాచ్ ప్యానెల్, గోడల్లోని కేబుళ్లన్నీ వచ్చి చేరేది అక్కడికే. కింద స్విచ్, ఆ కేబుళ్లను నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె. రెంటినీ కలుపుతూ కార్డులనే మూరెడు మూరెడు కేబుల్ ముక్కలు. టెస్టర్ పెట్టి చూస్తే ప్రతి కార్డుకూ, లోపలి తీగకొకటి చొప్పున, ఎనిమిది దీపాలూ బుద్ధిగా వెలిగాయి.

అప్పుడు కనెక్టర్ల వైపు చూశాడు. అవి పారదర్శకంగా ఉంటాయి, లోపలి రంగు తీగలు కనిపిస్తాయి. మేస్త్రి బిగించినవన్నీ నారింజ జతతో మొదలవుతున్నాయి. ఇక్కడ పని నేర్చుకున్న ఎవరి చేతికైనా అదే అలవాటు. ఒక్క కార్డు మాత్రం పచ్చ జతతో మొదలైంది. రెండు కొనల్లోనూ ఒకే వరస ఉంటే ఏదైనా పనిచేస్తుంది, అందుకే టెస్టర్ నోరు మెదపలేదు. కానీ పచ్చ ముందు పెట్టడం సరిహద్దు అవతలి అలవాటు.

ఆ కార్డు వెంట చెయ్యి పోనిస్తే ర్యాక్ వెనక అగ్గిపెట్టెంత నల్ల పెట్టె తగిలింది. దొంగ చెవి అదే. పీకేయవచ్చు. పెట్టిన మనిషి దొరక్కపోతే మాత్రం నాలుగింటిలోగా ఇంకో చెవి మొలుస్తుంది.

ఉడుత పెద్దాయనకు ఫోన్ చేసి మేస్త్రిని గేటు దగ్గరే ఆపించాడు. తర్వాత నిచ్చెన జరుపుతూ కావాలనే ఆ కార్డు తెంపాడు. వెంటనే, కబురు పంపాల్సిన కోడింగ్ రూమ్ ఆపరేటర్ లైన్ పోయిందని లబోదిబోమన్నాడు.

చిలక పరుగున వచ్చింది. తన అజాగ్రత్త వల్లే తెగిందని ఉడుత లెంపలేసుకున్నాడు. "కొత్త కార్డుల బీరువా తాళం మేస్త్రి దగ్గరుంది. కబురు ఇంకో ఆఫీసు నుంచి పంపమంటాను," అని అబద్ధమాడాడు.

చిలక మొహంలో రంగు మారింది. కబురు ఈ లైన్‌లో పోకపోతే వినేవాళ్లకు ఏం మిగులుతుంది?

"ఒక మనిషి ప్రాణమండీ. ఆ కేబుల్ ముక్క ఇలా ఇవ్వండి, ఏదో తంటాలు పడతాను."

ఆమె ఏ తంటాలూ పడలేదు. మేస్త్రి వదిలివెళ్లిన పనిముట్లతో తొక్క ఒలిచింది, తీగలు విడదీసి సాపు చేసింది, కనెక్టర్‌లోకి తోసి టూల్ నొక్కింది. రెండో కొనకూ అంతే. ఉడుత చూపు ఆ కనెక్టర్ల మీదే ఉంది. పచ్చ. పచ్చ. బావ గుర్తొచ్చి అతనికి ఒళ్లు మండింది.

ఆమె ఒక కొన ప్యానెల్‌లో పెట్టి, రెండోది ర్యాక్ వెనక్కి పోనిచ్చింది. ఉడుత ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"స్విచ్ ముందుంది కదండీ."

చిలక తన చేతిలోని కనెక్టర్ వైపు చూసుకుని, పళ్లు బిగించి అంది, "చేతి అలవాటు మార్చుకోవడం మరిచిపోయాను."

గోడ గడియారం నాలుగుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఉడుత ఒక చేత్తో ఆమెను పట్టుకుని, రెండో చేత్తో నల్ల పెట్టె పీకి, సంచిలో దాచుకున్న, ఫ్యాక్టరీలోనే బిగించిన కార్డును ప్యానెల్ నుంచి నేరుగా స్విచ్‌కు గుచ్చాడు. దీపం టపటపా కొట్టుకుంది. కబురు వెళ్లిపోయింది.

ఆ వారాంతంలో బావ క్షేమంగా ఇంటికొచ్చాడని అక్క ఫోన్‌లో చెబితే ఉడుత కళ్లు తుడుచుకున్నాడు. జరిగింది బావకు చెప్పే వీల్లేదు. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఉడుత బీమా ఆఫీసు గుమాస్తా. అంతలో బావే ఫోన్ అందుకున్నాడు.

"ఒరే, ఇంట్లో ఇంటర్నెట్ రావట్లేదు. తెలిసిన మేస్త్రి ఎవరైనా ఉంటే పంపు. నువ్వు మాత్రం వచ్చి వేలు పెట్టకు, ఆ వైర్ల సంగతి నీకేం తెలుస్తుంది?"