దొంగ ఫీడ్‌కి ఆయ్ రాదు

"సూరయ్యని చంపింది సముద్రం కాదండి, ఒక ఫార్వర్డ్ మెసేజ్," అన్నాడు చీఫ్ ప్రేమ్ కుమార్, అమలాపురం సేఫ్‌హౌస్‌లో.

ఏజెంట్ రాహేలు పళ్లు బిగించింది. సూరయ్య ఆమె ఇన్ఫార్మర్. 'తుఫాను దారి మళ్లింది' అన్న మెసేజ్ నమ్మి చేపల వేటకెళ్లి శవమై తిరిగొచ్చాడు. పంపింది ఒక విదేశీ ముఠా. పడవలు మునిగితే కోస్ట్‌గార్డ్ అంతా వెతుకులాటలో పడుతుంది, ఆ సందులో వాళ్ల షిప్పు ఆయుధాలు దింపుతుంది. ఇప్పుడు మళ్లీ అల్పపీడనం. అది తుఫాను అవుతుందో లేదో మధ్యాహ్నం ప్రకటిస్తారు. సూరయ్య కొడుకు దుర్గేష్ పడవ ఉప్పలగుప్తం తీరంలో వేటకి రెడీగా ఉంది. ఒడ్డున తిరుగుతున్న ముఠా మనిషిని పట్టుకోవాలి. అదీ మిషన్.

ఈసారి ఫార్వర్డ్‌లు వద్దని, అందరి ఫోన్లలో ఫీడ్ రీడర్ యాప్ పెట్టించమని డిపార్ట్‌మెంట్ తన సైబర్ ఎక్స్‌పర్ట్ లిడియాని పంపింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కూటీ, రాజోలు అమ్మాయినని చెప్పుకునే అందగత్తె.

తీరంలో చేపల గంపతో మారువేషంలో ఉన్న రాహేలుకీ, జాలర్లకీ కలిపి లిడియా పాఠం చెప్పింది. వాతావరణ శాఖ సైట్ ఫీడ్ లింక్ కాపీ చెయ్యాలి, రీడర్‌లో ప్లస్ నొక్కి పేస్ట్ చెయ్యాలి, అంతే. కొత్త వార్త సైట్ నుంచి నేరుగా వచ్చి పడుతుంది, మధ్యలో ఎవడి పెత్తనమూ ఉండదు. లింక్ మాత్రం తనే ఇచ్చింది.

ఫోన్లన్నీ టింగుమన్నాయి. తుఫాను లేదు, వేటకు వెళ్లవచ్చు. పడవల ఇంజన్లు స్టార్టయ్యాయి.

"ఇంకా అనుమానమా అండీ, ఆయ్?" అని నవ్వింది లిడియా.

రాహేలుకి ఒళ్లు మండింది. కోనసీమలో ఆయ్ అనేది ఒప్పుకోడానికి. ప్రశ్న వేస్తూ ఎవరూ అనరు. రాజోలులో పుట్టిన పసిపిల్ల కూడా అనదు. ముఠా మనిషి డిపార్ట్‌మెంట్‌లోకే దూరిందా? ఈ ముఠాకి మన మాట కూడా కూరలో చల్లుకునే మసాలా అయిపోయిందా?

గంప దించి, వాతావరణ శాఖ సైట్ తనే టైప్ చేసి తెరిచింది. ఫీడ్ గుర్తు నొక్కి అసలు లింక్ రీడర్‌లో పేస్ట్ చేసింది. ఒకదాని కింద ఒకటి రెండు ఫీడ్‌లు. లిడియా ఇచ్చిన అడ్రస్‌లో ఒక అక్షరం ఎక్కువ. అసలు ఫీడ్‌లో ఎర్ర హెచ్చరిక, ఎవరూ సముద్రంలోకి వెళ్లరాదని.

వెన్నుకి పిస్టల్ తగిలింది. "లేటయింది, రాహేలు. పడవలు కదిలాయి." ఆ గొంతులో ఇప్పుడు రాజోలు లేదు.

"తండ్రిని మింగేవు. దొంగ ఫీడ్ పెట్టి కొడుకుని కూడా మింగుతావా?"

"ఫీడ్ దొంగదే. తుఫాను వస్తోంది. వాళ్లకి మునిగాక తెలుస్తుందిలే."

మునగక ముందే తెలిసింది. రాహేలు చెవి దిద్దులో మైక్ ఉంది, అది పడవల వైర్‌లెస్‌కి కలిపి ఉంది. అందరికన్నా ముందున్న దుర్గేష్ పడవ పెద్ద అల ఎక్కబోతూ గిర్రున వెనక్కి తిరిగింది. దాని వెనకే మిగతావన్నీ. లిడియా అటు చూసిన ఆ రెప్పపాటులో చేపల గంప ఆమె మొహాన పడింది. పిస్టల్ తడి ఇసకలో పడింది. చేతులకి బేడీలు పడ్డాయి.

చీఫ్ ఫోన్ చేసి లిడియా సంగతేమైందని అడిగాడు.

"అన్‌సబ్‌స్క్రైబ్ చేసేనండి."

"శాశ్వతంగానా?"

"ఆయ్."