కొవ్వు మోసే కబురు

తెల్లారేసరికి బాపట్ల ల్యాబ్ వాచ్‌మన్ శవమయ్యాడు. ఫ్రీజర్ ఖాళీ.

తెనాలి రైల్వే రిటైరింగ్ రూములో చీఫ్ కృష్ణకాంత్ ఏజెంట్ జ్ఞానానందానికి బ్రీఫింగ్ ఇచ్చాడు. పోయింది అండాశయ కేన్సర్ రోగుల రక్తం. ఆ కేన్సర్ కణం ఎల్‌పీఏ అనే కొవ్వు అణువును వదులుతుంది. అది పక్క కణం మీదున్న రిసెప్టర్ అనే తలుపు తట్టి, పెరుగు, పాకు అని కబురు చెబుతుంది. ఆ కబురును ఆపే మందు సగం తయారైంది. రక్తం విదేశీ ముఠాకు చిక్కితే మందు వాళ్లది, ధర వాళ్లు చెప్పింది.

"మా ఆవిడదీ అందులోనే ఉందండి," అన్నాడు జ్ఞానానందం.

సుజన పోయి రెండేళ్లు. కృష్ణకాంత్ తెలుసునన్నాడు. అందుకే పిలిచాడట. రక్తం ట్యూబులున్న ఐస్ పెట్టెలోని ట్రాకర్ రేపల్లె వైపు కదులుతోంది. ముఠా కోడ్‌వర్డ్ 'దుగ్గిరాల పసుపు తడిసింది'. ల్యాబ్‌లో మన ఇన్‌ఫార్మర్ డాక్టర్ ఉషశ్రీ కనబడటం లేదు, ప్రాణాలతో తీసుకురమ్మన్నాడు.

రొయ్యల వ్యాపారి వేషంలో జ్ఞానానందం రేపల్లె అవతలి రేవు చేరేసరికి మరపడవ ఇంజన్ మోగుతోంది. ఐస్ పెట్టె పక్కన పట్టుచీర, నల్లకళ్లద్దాలు. కోడ్‌వర్డ్ చెప్పాడు. ఆమె అద్దాలు తీసింది. ఉషశ్రీ.

"లుంగీ మీకు నప్పలేదు అన్నయ్యగారూ."

పడవలోంచి విదేశీయుడు పిస్టల్ ఎత్తాడు. ఆమె పెట్టె మూత తీసింది. డ్రై ఐస్ పొగలోంచి ఒక ట్యూబు ఏరి జ్ఞానానందం చేతిలో పెట్టింది.

"వదినగారిది. అప్పట్లో రక్తం నేనే తీశాను. పట్టుకుని తప్పుకోండి. మిగతావాళ్లు మీకేమవుతారండి?"

అరచేయి చలికి కాలింది. గుప్పిట మూసి, కాలితో పెట్టెను తన్నాడు. ఎండకు మండుతున్న సిమెంటు మీద ట్యూబులు దొర్లాయి. వాటిని తొక్కుతూ పోయాడు. గుండు భుజాన్ని చీల్చింది. అయినా ఆగలేదు. కొనడానికి ఏమీ మిగలక పడవ ఉషశ్రీని రేవులోనే వదిలేసి పోయింది.

"మందు మీక్కూడా పోయింది," అందామె.

"తెలుసండి."

కృష్ణకాంత్ జీపు దిగి, ఏమైనా దక్కిందా అని అడిగాడు. ఒక్కటి దక్కిందనీ, అదీ కరిగి ల్యాబ్‌కు పనికిరాకుండా పోయిందనీ చెప్పాడు జ్ఞానానందం. ఏదైనా అది ప్రభుత్వ ఆస్తి, ఇచ్చేయమన్నాడు చీఫ్.

జ్ఞానానందం ట్యూబును జేబులో వేసుకున్నాడు.

"ఆవిడ బతికున్నప్పుడు ప్రభుత్వం అడగలేదండి."