మేకకు వేసిన రొట్టెలు

ఆగమ్మ సంచి సర్దుకుంటోంది. కొడుకు బాలనర్సింహ బస్సు డిపోలో ఫిట్టరుగా చేరిన కొత్తలో తెచ్చిన ఖాకీ సంచి అది. రెండు చీరలు, ఒక దుప్పటి, ఆకువక్కల తిత్తి, మోకాళ్లకు రాసుకునే నూనె సీసా. సీసా మూత ఊడకుండా గుడ్డపేలిక చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చుట్టింది. సర్దుకోవాల్సింది అంతే. అయినా అరగంట నుంచి ఆమె చేతులు ఆ సంచి దగ్గరే తిరుగుతున్నాయి.

కోడలు చంద్రమ్మ వంటింటి గడపలో నిలబడి పాలగిన్నెను చూస్తోంది. పాలు కాగి, దించి, చాలాసేపైంది. చూడాల్సిందేమీ లేదు.

"ఎన్నొద్దులుంటవ్ అత్తమ్మా?" అని అడిగింది, అటు తిరగకుండానే.

"సూడాలె బిడ్డా. సత్తెమ్మ చేన్ల కలుపుకు మనుషులు దొరుకుతలేరంట."

సత్తెమ్మ ఆగమ్మ కూతురు. పరిగిలో ఉంటుంది. కలుపు తీయడానికి అరవై ఐదేళ్ల తల్లిని పిలుచుకునే మనిషి కాదని ఆ గదిలో ఇద్దరికీ తెలుసు.

పదేళ్ల సుశీల నాయినమ్మ సంచి పట్టుకుని గుంజింది. "పదొద్దులైతే లాల్‌దర్వాజ బోనాలు. బోనాల ముందు ఎవరన్న పోతరా నాయినమ్మా? నన్నెవరు ఎత్తుకొని సూపిస్తరు?"

"ఇంకా ఎత్తుకునుడేందే, గాడిదంత అయినవ్. మీ బాపు సూపిస్తడు తియ్," అని ఆగమ్మ మనవరాలి జుట్టు సవరించింది.

గడప దాటేటప్పుడు ఒక్కసారి ఆగింది. పోకు అనే మాట కోసం ఆగిందని చంద్రమ్మకు అప్పుడే తెలిసింది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. దాని వెనకాలే జరిగినదంతా చెప్పుకోవలసి వస్తుందని భయపడి, "రిక్షావోడు తొందరపడుతుండు అత్తమ్మా," అంది. అది 1973 జూలై.

జరిగింది ముందటి ఆదివారం.

ఆ రోజు డిపో ఫోర్‌మన్ వీరరాఘవరావు, ఆయన భార్య సీతారావమ్మ భోజనానికి వచ్చారు. గుంటూరు వైపు వాళ్లు. షాలిబండ గల్లీలో అంత పెద్ద ఉద్యోగి చెప్పులు విడిచిన ఇల్లు అదొక్కటే. చంద్రమ్మ తెల్లారకముందే లేచి మైదా పూరీలు, డబ్బా నెయ్యి దండిగా పోసి బగారన్నం చేసింది. డబ్బా నెయ్యి అంటే ఆ రోజుల్లో రేకు డబ్బాలో వచ్చే వనస్పతి. అది అల్మారాలో ముందు వరసలో కనబడటం చంద్రమ్మకు గొప్ప. కార్వాన్‌లో గింజల దుకాణం ముందు మూటలు మోసే తండ్రికి పుట్టిన పిల్ల ఆమె. తన ఇంట్లో పేదరికపు వాసన వచ్చేదేదీ ఉండకూడదనుకునేది. ఆ ఇంట్లో అలాంటిది ఒక్కటే మిగిలింది. పొద్దున్నే అత్తగారు టప్ టప్ మని కొట్టే జొన్నరొట్టె.

ఆగమ్మ అలవాటు ప్రకారం నాలుగు రొట్టెలు కాల్చి, పుంటికూర, అంటే గోంగూర, పెట్టుకుని, పెద్దసారుకు కూడా ఒకటి పెడదామని పళ్లెం పట్టుకుని వచ్చింది. చంద్రమ్మ తలుపు దగ్గరే పళ్లెం లాక్కుంది.

"ఇజ్జత్ తీస్తవా అత్తమ్మా? పెద్దసారుకు జొన్నరొట్టె పెడ్తరా ఎవరన్న?"

పెరట్లోకి వెళ్లి, పక్కింటి బుచ్చమ్మ మేక ముందు నాలుగూ పడేసింది. మగవాళ్లిద్దరూ ముందర అరుగు మీద మాటల్లో ఉన్నారు. తిరిగి లోపలికి వచ్చేసరికి సీతారావమ్మ ముక్కు ఎగబీలుస్తోంది.

"ఎక్కడో జొన్నరొట్టె కాలుస్తున్నారండీ? కమ్మటి వాసన. మా వారికి షుగరని డాక్టరు అదే తినమన్నాడు. నాకేమో చెయ్యడం రాదు. మీ ఇంట్లోనేనా?"

"అయ్యో, మా ఇంట్లనా? కాదమ్మా. పక్కింటోళ్లది," అంది చంద్రమ్మ.

అత్తగారు తలుపు వెనకే ఉంది. ఆ మరునాడు ఆమె రొట్టె కొట్టలేదు. ఆ తర్వాత రోజూ కొట్టలేదు. మూడో రోజున కూతురి దగ్గరికి పోతానంది.

ఆమె వెళ్లిన మధ్యాహ్నం బాలనర్సింహ డ్యూటీ నుంచి వచ్చి, "అవ్వ ఏది?" అంటే, "ఆమెకే బిడ్డ కాడికి పోబుద్ధయింది," అని చెప్పింది చంద్రమ్మ. ఒక రకంగా అది అబద్ధం కాదు. అందుకే తేలిగ్గా నోట వచ్చింది.

ఆగమ్మ బోనాలకు రాలేదు. దసరాకూ రాలేదు. కబురు పెడితే, చేన్ల పని ఉందని జవాబు వచ్చేది. బాలనర్సింహ మొదట్లో అడిగేవాడు. తర్వాత మానేశాడు. అత్తగారు జొన్నలు విసిరే ఇసుర్రాయిని చంద్రమ్మ తీసి బట్టలుతికే బండ పక్కన పడేసింది. పొద్దున బేకరీ డబల్‌రొట్టె, మధ్యాహ్నం తెల్లటి సన్నన్నం, సాయంత్రం బిస్కట్లు, చాయ్. ఆమె కోరుకున్నట్టే ఉంది ఇల్లు. పొద్దున మాత్రం ఏదో మరచిపోయినట్టు మెలకువ వచ్చేది.

మరుసటి ఏడు ఉగాది తర్వాత బాలనర్సింహకు దూప పట్టుకుంది. కడవ నీళ్లు తాగినా తీరేది కాదు. కాళ్లు తిమ్మిరెక్కేవి. ఒకరోజు డిపోలో బస్సు కిందికి దూరి పని చేస్తూ కళ్లు తిరిగి లేవలేకపోయాడు. డాక్టరు షుగరన్నాడు. ఇదే తిండి తింటే ముందు కళ్లకు, తర్వాత కాళ్లకు వస్తుందన్నాడు.

ఆ గల్లీ చివరి ఇంట్లో లీలమ్మ ఉండేది. ఆస్పత్రిలో నర్సు. చంద్రమ్మ ఏడుస్తూ ఆమె దగ్గరికి వెళ్లింది.

"ఇయ్యాల్టి నుంచి అన్నీ బందు చేస్తక్కా. డబ్బా నెయ్యి మోరీల పారబోస్త."

"పారబొయ్యి. రేపు నీ మొగడు హోటల్ల కూసొని మలాయి, నాన్ తింటడు," అని నవ్వింది లీలమ్మ. "ఒక్కపారి మార్చకు. మెల్లగ, జర్ర జర్ర. మనిషికి తెలియకుండ కాదు. నాలికకు తెలియకుండ."

చంద్రమ్మ ఆ మాట తుచ తప్పకుండా పాటించింది. మొదటి నెల డబ్బా నెయ్యి సగం తగ్గించింది. రెండో నెల ఆ సగం తీసేసి గానుగనూనె పోసింది. సన్నబియ్యంలో పిడికెడు దంపుడు బియ్యం కలిపింది, తర్వాత రెండు పిడికిళ్లు, తర్వాత సగానికి సగం. బిస్కట్ల డబ్బాలో ఉడకబెట్టిన పల్లికాయ పోసి పెట్టింది. సుశీల వారం రోజులు అలిగి, ఎనిమిదో రోజు డబ్బా ఖాళీ చేసింది. పప్పులో రోజుకొక ఆకుకూర వేయసాగింది.

ఒక మధ్యాహ్నం బాలనర్సింహ కంచంలోకి చూసి, "ఏందే, మొన్న తోటకూర, నిన్న గంగవాయిలి, ఇయ్యాల మల్ల ఆకులు. నన్ను మేకననుకుంటున్నవా ఏంది?" అన్నాడు.

హాస్యానికే అన్నాడు. చంద్రమ్మ చేతిలోని గరిటె కింద పడింది.

అన్నీ కుదిరాయి గాని జొన్నరొట్టె కుదరలేదు. గిర్నీలో జొన్నలు పట్టించి తెచ్చి, గోధుమ పిండి కలిపినట్టే చన్నీళ్లతో కలిపేది. ముద్ద కట్టేది కాదు. కొట్టబోతే అంచులు పగిలేవి. పెనం మీద వేస్తే నాలుగు ముక్కలయ్యేది. "మా ఇస్కూల్ల గోడకు గిసొంటి పటమే ఉంటది అమ్మా," అని సుశీల పకపకా నవ్వేది.

"అవ్వను పిలిపిస్త," అన్నాడు బాలనర్సింహ ఒకరోజు, ముక్కలు నములుతూ. "వస్తదో రాదో గాని. బిడ్డ ఇల్లు తీపయింది ఆమెకు."

"వద్దు. నేనే పోత. రొట్టె నేర్చుకొని, మంచిగ చేసి పట్కపోత," అంది చంద్రమ్మ.

ఆమె నిజంగానే అలా అనుకుంది. ఖాళీ చేతులతో ఆ ముఖం ముందు నిలబడలేననుకుంది. వానలు తగ్గాక, దసరా అయ్యాక, ఇంకొంచెం చెయ్యి తిరిగాక అని వాయిదా వేసింది.

డిసెంబరులో ఒక పొద్దున బుచ్చమ్మ గోడ మీంచి తొంగిచూసింది. బాలనర్సింహ ముఖం కడుక్కుంటున్నాడు.

"మల్ల రొట్టెల వాసనొస్తుంది మీ ఇంట్ల! ఈపారన్న మీరే తినుర్రి తమ్మీ. మా మేకకు అలవాటు చెయ్యకుర్రి. అప్పుడు నాల్గు రొట్టెలు తిని, పదొద్దులు మీ గోడకాన్నే నిలబడె."

"ఏ రొట్టెలక్కా?"

"గదే, మీ పెద్దసారొచ్చిన నాడు. మీ అవ్వ చేసినయి."

బాలనర్సింహ ముఖం తుడుచుకోకుండానే లోపలికి వచ్చాడు. నీళ్లు గడ్డం మీంచి కారుతున్నాయి.

"చంద్రీ. బుచ్చమ్మ ఏమంటుంది?"

చంద్రమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. పొయ్యిలోకే చూస్తూ మొత్తం చెప్పింది. పళ్లెం లాక్కున్నది, మేక ముందు వేసింది, పక్కింటోళ్లదన్నది, గడప దగ్గర ఆమె ఆగినప్పుడు నోరు విప్పనిది. ఏదీ దాచలేదు.

ఆయన అరుస్తాడనుకుంది. అరవలేదు. పీట మీద కూర్చున్నాడు.

"ఏడాదిన్నర నుంచి మా అవ్వ మీద కోపం పెట్టుకున్న నేను," అన్నాడు. "పండుగకు రాలే, బోనాలకు రాలే, నాకు బీమారైతే రాలే, కొడుకు అక్కర్లేదా ఈమెకు అనుకున్న. మొన్న పరిగి బస్సు డ్రైవరు మీ అవ్వకు ఏమన్న చెప్పాల్నా అని అడిగిండు. చెప్పేదేం లేదన్న. ఆమెకు ఆ మాటే పోయి ముట్టిందేమో."

"నాదే తప్పు. నన్ను కొట్టు, తిట్టు."

"కొడ్తే ఏమొస్తది? ఆమె చేతి రొట్టె మేకకేసి, గదే రొట్టె ఇప్పుడు నాకు మందని పెడ్తున్నవ్." ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మా నాయిన పోయినంక గా రొట్టెలమ్మి పెంచింది చంద్రీ నన్ను. నీకు చెప్పలే. నాకూ షరమే ఉండె. నీ ఒక్కదాని తప్పు గూడ కాదు."

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.

మరునాడే బయలుదేరవలసింది. చంద్రమ్మ తెల్లవారుజామున లేచి రొట్టె కొట్టింది. పగిలింది. ఇంకోటి కొట్టింది. అదీ పగిలింది. పగిలిన రొట్టె పట్టుకుపోవడం అవమానం అనిపించి వచ్చే ఆదివారం అనుకుంది. ఆ ఆదివారం ఇంకో ఆదివారం అయింది. తిండి మార్చుకున్నట్టే ఇదీ మెల్లగా సర్దుకుంటుందనుకుంది. అలా ఇంకో నెల గడిచింది.

జనవరి చివరలో పరిగి బస్సెక్కింది. చివరకు పగిలిన రొట్టెలే గుడ్డలో కట్టుకుంది.

సత్తెమ్మ ఇంటి అరుగు మీద ఎండలో ఆగమ్మ కూర్చుని ఉంది. మనిషి సగమైంది. మాటకొకసారి దగ్గు వస్తోంది. కోడలిని చూసి కళ్లు చికిలించి, "కొడుకెట్లున్నడు?" అంది మొదట.

చంద్రమ్మ గుడ్డ విప్పి ఆమె ముందు పెట్టింది. ఆగమ్మ ఒక ముక్క తీసి, వేళ్ల మధ్య నలిపి చూసింది.

"పిండి సల్లనీళ్లతోటి కలిపినవా?"

"అవును."

"అందుకే పలిగింది. నీళ్లు సలసల మసలాలె. జొన్నకు జిగురుండదు బిడ్డా. ఉడుకునీళ్లే దానికి జిగురు. గింత మాట నన్ను అడిగితే అయిపోవు."

పదేళ్లకు పైగా ఒకే ఇంట్లో, పక్క గదిలోనే ఉన్న మనిషిని తాను ఒక్కనాడూ ఏదీ అడగలేదని చంద్రమ్మకు అప్పుడు తట్టింది. ఆ కాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. "నన్ను మాఫ్ చెయ్ అత్తమ్మా. నువ్వు చేసిన రొట్టెలు మేకకేసిన."

"మేక తిన్నది. నోరున్నదేదో తిన్నది. గది కాదు నాకు కష్టమైంది." ఆగమ్మ దగ్గు ఆపుకుంది. "పక్కింటోళ్లది అన్నవ్ సూడు. నేను తలుపెనకనే నిలవడ్డ. నేను పక్కింటిదాన్నా అని."

"ఇంటికి పోదాం పా. ఇసుర్రాయి కడిగిపెట్టిన."

ముసలామె ముఖం వెలిగింది. కొంకికి వేలాడుతున్న ఖాకీ సంచి వైపు చూసింది. "జొన్న కోతకొచ్చింది. కోతైనంక కొత్త జొన్నలు పట్కొని వస్త. ఇరవయ్యొద్దులు. కొడుక్కు పాత జొన్నలు పెడ్తవా?"

ఇవ్వాళే పోదాం అని చంద్రమ్మ అనవలసింది. దగ్గు వింటూనే ఉంది. బలవంతం చేస్తే మళ్లీ నొచ్చుకుంటుందేమోనని, "సరే అత్తమ్మా, నీ ఇష్టం," అంది. కోడలు ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా ఆగమ్మ అరుగు మీద చెయ్యి ఊపుతూనే ఉంది.

మరునాడు షాలిబండలో చంద్రమ్మ నీళ్లు మసలబెట్టి పిండి కలిపింది. రొట్టె గుండ్రంగా వచ్చింది, పొంగింది. బాలనర్సింహ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, వెంటనే ఇంకో ముక్క తుంచాడు.

"అవ్వ చెప్పింది," అంది చంద్రమ్మ.

"తెలిసింది," అన్నాడు ఆయన.

వచ్చే నెల మూడో వారంలో సెలవు పెట్టి తనే వెళ్లి తీసుకొస్తానన్నాడు. సుశీల నాయినమ్మ పరుపు ఎండలో వేసింది.

ఆగమ్మ షాలిబండ ఇంటికి తిరిగి రాలేదు. 1975 ఫిబ్రవరి పదకొండు, మంగళవారం పొద్దున, పరిగిలో కూతురింట్లో పోయింది.