శుక్రవారం క్యారేజీ

శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికే సరోజకి మెలకువ వచ్చేసింది. తెనాలిలో అద్దెకి తీసుకున్న ఆ ఇంట్లో అలారం పెట్టాల్సిన పనే లేదు. సెలవు మీద వచ్చిన నర్సుకి డ్యూటీ ఏముంటుంది? కానీ మస్కట్‌లో ఆరేళ్లపాటు ప్రతి శుక్రవారం నాలుగింటికి లేచిన ఒళ్లు అది. దానికెవరూ సెలవు చీటీ చూపించలేదు గనక టంచనుగా లేచి కూర్చుంది.

వంటింట్లోకి వెళ్లి పులిహోర కలిపింది. కోడి వేపుడు చేసింది. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసింది, కూతురు మనీషాకి అలా ఉంటేనే గొంతు దిగుతుంది. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ తీసి సర్దుతుంటే చేతులు వాటంతటవే నడిచాయి. ఆ క్యారేజీ మస్కట్ వెళ్లేటప్పుడు నాన్న అంద్రెయ రేపల్లె బజారులో కొనిచ్చాడు. "విమానంలో అన్నం పెట్టరేమో, ఎందుకైనా మంచిది," అన్నాడాయన.

ఆ దేశంలో వారాంతం అంటే శుక్ర, శనివారాలు. భర్త జీవన్ కుమార్ ఒక కంపెనీ గోడౌన్లో స్టోర్‌కీపరు. శుక్రవారం అతనికీ సెలవే, బడికెళ్లే మనీషాకీ సెలవే. సరోజకి మాత్రం ఆసుపత్రిలో ఆ రోజు డ్యూటీ తప్పేది కాదు. ఆమె సెలవు మంగళవారమో బుధవారమో, ఇంట్లో గోడలు తప్ప ఎవరూ ఉండని రోజు పడేది. అందుకని మొదటి వారమే ఒక ఏర్పాటు చేసింది. "నేనెటూ రాలేను. మీరిద్దరూ వెళ్లి ఊళ్లు చూసి రండి. సాయంత్రం నాకు చెప్పండి, విని సంతోషిస్తా."

పొద్దున్నే క్యారేజీ వాళ్ల చేతికిచ్చి ఆసుపత్రి బస్సెక్కేది. సాయంత్రం వచ్చి వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే జీవన్ కుమార్ మొదలుపెట్టేవాడు. ముత్రా సముద్రపొడ్డున ఒక పక్షి పులిహోర రుచి మరిగి, కారు వెంట ఇంటి సందు దాకా వచ్చిందట. నిజ్వా కోట దగ్గర ఒక మేక అతని టోపీ తినేసి, ఉప్పు తక్కువైందన్నట్టు మొహం పెట్టిందట. ఎడారిలో ఒక ఒంటె కోడి వేపుడు వాసన తగిలి మోకాళ్లేసి కూర్చుని, ఎంత లేపినా లేవనని మొండికేసిందట. "ఫొటోలేవండీ?" అని అడిగితే, "చూడ్డానికి వెళ్తామా, ఫోన్ పట్టుకోవడానికి వెళ్తామా?" అనేవాడు.

సరోజ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వేది. నవ్వి, ఖాళీ క్యారేజీ కడిగి బోర్లించి, వెళ్లి పడుకునేది. నేను లేకుండా వీళ్లకి ఎంత బాగా గడుస్తోంది అనుకుంటూ గోడవైపు తిరిగేది. ఆ సంగతి ఆ గోడకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మనీషా పదో తరగతి అయిపోయి తెనాలిలో ఇంటర్‌లో చేరబోతోంది. కూతురికి తోడుగా ఉండడానికి జీవన్ కుమార్ అక్కడి ఉద్యోగం మానేసి వచ్చాడు. సరోజని మాత్రం ఆసుపత్రి వాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు. వస్తావా రావా అన్నది ఆదివారంలోగా రాయాలి. ఈలోగా ఒక్క శుక్రవారమైనా తనూ వాళ్లతో వెళ్లాలని సరోజ కోరిక. అందుకే ఇవాళ బాపట్ల ప్రయాణం.

రేపల్లె నించి మొదటి రైలుకి అంద్రెయ దిగాడు. కాలవ లాకుల దగ్గర ముప్పై ఏళ్లు తలుపులెత్తి దించిన మనిషి. నీళ్లకి అడ్డం వేశాడు గానీ నోటికి ఏనాడూ వెయ్యలేదు. బాపట్ల రైలెక్కి కిటికీ పక్కన కూర్చోగానే అల్లుణ్ణి కదిలించాడు.

"ఏం అల్లుడుగారూ, ఆ దేశం సముద్రంలో చేపలు పెద్దవేనా?"

"మహా పెద్దవి మామయ్యా. ఒకదాన్ని లారీలో ఎక్కిస్తే లారీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి."

"ఇంతేనా! మా పెనుమూడి రేవులో నా చిన్నప్పుడొక వాలుగ పడింది. తల ఇటు రేవులో, తోక అటు పులిగడ్డ ఒడ్డున. దాని వీపు మీద నడిచి జనం కృష్ణ దాటారు. వంతెన కట్టింది తర్వాత కదా."

"మరి దాన్ని కూర వండారా తాతయ్యా?" మనీషా అడిగింది.

"ఎక్కడమ్మా! ముల్లు తియ్యడానికి మనుషులు దొరక్క వదిలేశాం."

ముగ్గురూ విరగబడి నవ్వారు. సరోజ కూడా నవ్వింది గానీ ఒక నిమిషం ఆలస్యంగా. చుండూరు దాటాక కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. క్యారేజీ ఒళ్లో ఉంది. ఆరేళ్లు ఇలాగే నవ్వుకుని ఉంటారు అనుకుంది. నాలుగో సీట్లో తను కూర్చుంటే, ఎవరి సీట్లోనో కూర్చున్నట్టుంది.

సూర్యలంకలో ఎండ చురుక్కుమంటోంది, గాలి హోరెత్తిస్తోంది. సరుగుడు చెట్ల ఇవతల జీవన్ కుమార్ దుప్పటి పరిచాడు. పరిచిన మరుక్షణమే అది లేచి అతని మొహానికి చుట్టుకుంది. అంద్రెయ నాలుగు మూలలా నాలుగు చెప్పులు పెట్టి ఎలాగో కూర్చోబెట్టాడు. క్యారేజీ విప్పగానే గాలి ఒక్క ఉదుటున వచ్చి పులిహోర మీద గుప్పెడు ఇసుక చల్లింది.

"సముద్రపొడ్డున భోజనం అంటే ఇదీ! పోపులో ఆవాలు తక్కువైతే దేవుడే వేశాడు," అన్నాడు అంద్రెయ.

ఎవరూ నవ్వలేదు. సరోజ కంచం కింద పెట్టింది.

"ఆదివారంలోగా జవాబు చెప్పాలి కదా. వస్తానని రాసేద్దామనుకుంటున్నా."

జీవన్ కుమార్ చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. "నీ ఇష్టం," అన్నాడు.

"అంతేనా?"

"ఇంకేం అనమంటావు? నీ ఉద్యోగం. నా మాట మీద ఆగిపోయానని రేపు నీకు అనిపించకూడదు."

"ఆగమని ఒక్క మాట అంటే అరిగిపోతారా?" సరోజ గొంతు లేచింది. "అయినా మీకేంటి లెండి! ఆరేళ్లూ నేను లేకుండానే తిరిగారు. కోటలు చూశారు, ఒంటెలతో ఆడుకున్నారు, కడుపుబ్బ నవ్వుకున్నారు. నేను పొద్దున్నే క్యారేజీ సర్దే మనిషిని, సాయంత్రం కథ వినే మనిషిని. ఇక్కడైతే హోటళ్లున్నాయి, క్యారేజీ కూడా అక్కర్లేదు. నేనుంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

"అమ్మా, నీకేం తెలుసని అలా..." మనీషా లేవబోయింది.

"మనీ!" జీవన్ కుమార్ గద్దించాడు. "ఊరుకో."

మనీషా కంచం పక్కకి నెట్టేసింది. కళ్లు ఎర్రబడ్డాయి. "అయితే వెళ్లనివ్వండి నాన్నా. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పొద్దు. అదేగా మనింటి పద్ధతి!" అనేసి అలల వైపు విసవిసా నడిచి వెళ్లిపోయింది. సరోజ లేచి ఇంకో వైపు వెళ్లి సరుగుడు చెట్టుకి చేరగిలబడింది.

మామా అల్లుళ్లు మిగిలారు. అంద్రెయ చాలాసేపు మునక్కాయ నమిలినట్టు ఒక్క ముద్దనే నమిలి, నెమ్మదిగా అన్నాడు.

"అల్లుడుగారూ, కోతలు కొయ్యడంలో రేపల్లె మొత్తానికి నేను పెద్దవాణ్ణి. అందుకని అడుగుతున్నా. ఆరేళ్లు ఎడారుల్లో, సముద్రాల పక్కన భోంచేసిన మనిషివి కదా. దుప్పటి పరిచేటప్పుడు గాలి ఎటొస్తోందో చూసుకోవా?"

జీవన్ కుమార్ తలెత్తలేదు. "వద్దు మామయ్యా. ఇప్పుడు చెబితే సరోజని కట్టేసినట్టవుతుంది," అన్నాడు.

తిరుగు రైల్లో నలుగురూ నాలుగు కిటికీల్లోంచి చూశారు. పెనుమూడి వాలుగ ఊసు కూడా ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరారు. సరోజ చీర కుచ్చిళ్లు దోపి, పెరట్లో కుళాయి కింద క్యారేజీ గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. పీచుతో రుద్దుతుంటే గరగరమంది. నీళ్లు పోసి కడిగింది. అడుగున మళ్లీ ఇసుక. మూత గాడిలో ఇసుక, పట్టీ సందుల్లో ఇసుక, పిడి మలుపులో ఇసుక. "ఒక్క పూటకే ఇంత ఇసుకా!" అని విసుక్కుంది.

అని, చెయ్యి ఆపేసింది. కుళాయి ధార గిన్నెలో పడి పొర్లిపోతోంది. ఆమె కట్టలేదు.

తడి గిన్నె చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చింది. మనీషా మంచం మీద మోకాళ్లు ముడుచుకుని ఉంది. జీవన్ కుమార్ కుర్చీలో ఉన్నాడు, అంద్రెయ అరుగు గుమ్మంలో.

"ఏమండీ, ముత్రా వెళ్లిన రోజు క్యారేజీ ఎక్కడ విప్పారు?"

"ఒడ్డున... రాళ్ల మీద."

"ఒంటె మోకాళ్లేసిన రోజు?"

"ఒంటె పక్కనే."

"ఆ ఎడారిలో ఇసుక లేదా?"

జీవన్ కుమార్ సాయం కోసం మామగారి కేసి చూశాడు. మామగారు ఫ్యాన్ అనేదాన్ని ఆ రోజే మొదటిసారి చూస్తున్నట్టు పైకి చూస్తున్నాడు.

"ఆరేళ్లు ఈ క్యారేజీ నేనే కడిగాను. ఒక్క రేణువు నా చేతికి తగల్లేదు." సరోజ గిన్నె ముందుకి చాపింది. "ఎక్కడికెళ్లేవాళ్లండీ మీరు? నాకెందుకు దాచారు?"

జవాబు మనీషా చెప్పింది.

"మీ ఆసుపత్రి వెనక్కమ్మా."

"ఏంటీ?"

"మొదటి శుక్రవారం నిజంగానే ముత్రా వెళ్లాం. అమ్మ లేకుండా అన్నం తిననని నేను ఏడ్చా. నాన్న కారు తిప్పేసి మీ ఆసుపత్రి వెనక, కార్లు పెట్టే చోటికి తీసుకొచ్చారు. అక్కడొక వేపచెట్టుంది. మూడో అంతస్తులో మీ వార్డు కిటికీలు చూపించి, అదిగో అమ్మ అక్కడుంది, తిను అన్నారు. అప్పుడు తిన్నా. తర్వాతి వారం ఎక్కడికెళ్దాం అంటే, అక్కడికే అన్నా."

"ఆరేళ్లూనా?"

"ఒకసారి నిజ్వా కోటకి బయల్దేరాం. సగం దారిలో ఈసారి నాన్నే తిప్పేశారు."

సరోజ గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. జీవన్ కుమార్ వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఆ మొదటి సాయంత్రం నువ్వు కాళ్లు నీళ్లలో పెట్టుకుని, ఎలా ఉంది అని అడిగావు. నీ మొహం చూశాక నిజం చెప్పలేకపోయా. ఏదో పక్షి గురించి చెప్పా. నువ్వు నవ్వావు. వారం మొత్తానికి నువ్వు నవ్వింది అప్పుడే. ఇంక ఎలా మానను?"

"చెబితే ఏం పోయేదండీ?"

"చెబితే నువ్వు కిటికీలోంచి కిందికి చూస్తూ సూదులు గుచ్చేదానివి. ఆ రోగుల గతేం కాను?"

సరోజకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మెల్లగా అడిగింది. "ఏ కిటికీ?"

"ఎడమ నించి ఐదోది," అంది మనీషా, ఎదురుగా కనిపిస్తున్నట్టు వేలు చూపించి. "పదకొండున్నరకి ఎండ పడగానే నువ్వొచ్చి కర్టెన్ లాగేదానివి. అది చూశాకే క్యారేజీ విప్పేవాళ్లం."

సరోజ ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగిపోయింది.

"వేపచెట్టు కింద... తెల్ల కారు. ముందద్దానికి వెండి రంగు అట్ట అడ్డం పెట్టి..."

"మనదే," అన్నాడు జీవన్ కుమార్. "ఆ ఊళ్లో పది కార్లకి తొమ్మిది తెల్లవే. పైనించి నీకెలా తెలుస్తుంది?"

"నేను చూసేదాన్ని." ఆమె మాటలు తడిసిపోతున్నాయి. "ప్రతి శుక్రవారం చూసేదాన్ని. ఎవరో పెద్ద రోగంతో పడున్న మనిషి తాలూకు వాళ్లనుకున్నా. లోపలికి రానివ్వక ఎండలో కాచుక్కూర్చున్నారు పాపం అనుకున్నా. కర్టెన్ లాగే ముందు వాళ్ల కోసం ప్రార్థన చేసేదాన్ని. ప్రభువా, ఆ కారులో వాళ్ల మనిషిని తొందరగా ఇంటికి పంపించు అని."

మనీషా మంచం దిగి వచ్చి తల్లి ఒళ్లో తల పెట్టేసింది. జీవన్ కుమార్ ఆమె చేతిలోంచి తడి గిన్నె తీసుకోబోయి, గిన్నె బదులు చెయ్యి పట్టుకున్నాడు.

"వెళ్లకు సరోజా," అన్నాడు. "పొద్దున అనాల్సింది. ఆరేళ్ల కిందటే అనాల్సింది. వెళ్లకు."

గుమ్మంలో అంద్రెయ కండువాతో ముక్కు చీదాడు. "ఇంతకీ అర్జీ మంజూరు కావడానికి ఆరేళ్లు పట్టిందన్నమాట," అన్నాడు. "మరేం పర్లేదు. మా లాకు తలుపుకి రంగు వెయ్యడానికి తొమ్మిదేళ్లు పట్టింది." అని లేచి, పెరట్లోకి వెళ్లి పొర్లిపోతున్న కుళాయి కట్టేశాడు.

ఆదివారం చర్చి నించి రాగానే సరోజ మస్కట్‌కి జవాబు రాసింది. రెండే వాక్యాలు. ఇక రాలేనని ఒకటి, ఇన్నాళ్లూ చూసుకున్నందుకు కృతజ్ఞతలని ఒకటి. సోమవారం తెనాలిలోనే ఒక ఆసుపత్రిలో పని అడిగి వచ్చింది. శుక్రవారం సెలవు ఇస్తే చాలన్నదట. ఇదేం కోరికమ్మా అని వాళ్లు వింతగా చూశారట.

ఆ శుక్రవారం రేపల్లె వెళ్లారు. పెనుమూడి రేవు దగ్గర, గాలికి వీపు పెట్టి దుప్పటి పరిచింది సరోజే. కృష్ణ నిండుగా పారుతోంది. వాలుగ ఎక్కడా కనిపించలేదు. క్యారేజీ విప్పి, ముగ్గురికీ వడ్డించి, తనకీ వడ్డించుకుని మొగుడి వైపు తిరిగింది.

"అవునండీ, ఆ ఎడారిలో కూర్చున్న ఒంటె... చివరికి లేచిందా?"

జీవన్ కుమార్ పులిహోర ముద్ద మింగి, మంచినీళ్లు తాగి, మీసం తుడుచుకున్నాడు.

"మొన్న ఆదివారం లేచిందట," అన్నాడు. "నీ డ్యూటీ అయిపోయిందని ఎవరో చెప్పారట దానికి."