సూదిపిట్ట లేని వాగు

పొద్దున్న ఏడింటికే ఆ ఇంటి హాలు అడవికి బయల్దేరిపోయింది. మనుషులు మాత్రం ఇంకా ఇంట్లోనే ఉన్నారు. సోఫా నిండా మడతపెట్టిన పిట్టల వలలు, బల్ల మీద తలకు కట్టుకునే దీపాలు, కుర్చీల వీపుల మీద జలగలు ఎక్కకుండా మోకాళ్ళ దాకా తొడుక్కునే గుడ్డ మేజోళ్ళు. కూర్చోవడానికి చోటు లేదు కాబట్టి మాస్టారు నిలబడే టీ తాగుతున్నారు, నిలబడే జాబితాలో టిక్కులు పెడుతున్నారు, నిలబడే అందరి మీదా విసుక్కుంటున్నారు.

"దిక్సూచులు పదిహేను ఉండాలి. పద్నాలుగే ఉన్నాయి."

"పదిహేనోది మీ మెళ్ళో ఉందండీ," అంది లోపలి గదిలోంచి ఆయన భార్య, కుట్టుమిషన్ ఆపకుండా.

మాస్టారు విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెబుతారు. పదకొండు నెలలు క్లాసు గదిలో చెబుతారు, మిగిలిన నెల అడవిలో చెబుతారు. ప్రతి వేసవి సెలవుల్లో పద్నాలుగు మంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని, అడవి మధ్యనున్న పరిశోధన కేంద్రంలో మూడు వారాల మకాం. ఆ తడి అడవిలో చెట్లూ కప్పలూ చీమలూ పిట్టలూ ఎలా బతుకుతున్నాయో పుస్తకం మూసేసి నేర్పే కోర్సు అది. ఇరవై ఆరు వేసవుల్లో ఒక్కటీ తప్పలేదు. పెళ్ళిరోజు ఎప్పుడూ ఆ మూడు వారాల్లోనే వస్తుంది. దాని గురించి భార్య మాట్లాడటం మానేసి చాలా కాలమైంది.

ఆవిణ్ణి వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. వీధికి రవికెలు, గౌన్లు, తలుపు తెరలు కుట్టిపెట్టే ఆవిడ వేసవి రాగానే మాస్టారికి గుడ్డ సంచులు కుడుతుంది. వలలో పడ్డ పిట్టను తూచి, కాలికి రింగు తొడిగి వదిలేదాకా అందులో ఉంచుతారు. ఆ సంచులకు కుట్టు అంచు బయటికే ఉండాలి. లోపల ఒక్క పోగు వేలాడినా పిట్ట గోరు చిక్కుకుంటుంది. ఇన్నేళ్ళుగా ఆ సంచులు కుట్టిన మనిషి వాటిలో పిట్టను ఒక్కసారీ చూడలేదు.

ఇక మూడో మనిషి కూతురు. చిన్నప్పుడు రెండు నిమిషాలు కుదురుగా కూర్చునేది కాదని మాస్టారే తూనీగ అని పిలిచారు. పాతికేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు. తండ్రి చదువే చదివి, రెండేళ్ళుగా కోర్సులో ఆయనకు సహాయకురాలిగా వెళ్తోంది. ఇవాళ సంచి సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది. పదకొండింటికి బస్సు. ఈలోపు తండ్రికి ఒక మాట చెప్పాలి. ఆరు నెలలుగా ఆ మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది.

వంటగదిలో గుడ్లకు పెట్టిన టైమరు మోగింది. సన్నగా, ఆగకుండా, చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు. దానికి జానెడు దూరంలో మాస్టారు ఫ్రిజ్ తలుపుకు జాబితా ఆనించి రాసుకుంటున్నారు. తల తిప్పలేదు. లోపల మిషన్ ఆగింది. టైలరమ్మ చేతిలో సంచితోనే వచ్చి, టైమరు నొక్కి, మొగుడి భుజం మీద రెండు వేళ్ళతో తట్టి, "గుడ్లయ్యాయండీ," అని వెళ్ళిపోయింది.

ఆవిడ ఆ పనిని రోజూ పళ్ళు తోముకున్నంత మామూలుగా చేసింది. అమ్మకూ తెలుసని తూనీగకు అర్థమైంది. తల్లి వెనకే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఎప్పట్నుంచమ్మా?"

"ఏది?"

"నాటకాలొద్దు. టైమరు."

టైలరమ్మ దారం కొరికి, సూదిలోకి ఎక్కించబోయి తప్పింది. ఇంకోసారీ తప్పింది. "రెండేళ్ళు దాటింది. ముందు వాషింగ్ మిషన్ వినబడలా. తర్వాత జ్వరం చూసే థర్మామీటరు. సన్నటి మోతలే, మాటలన్నీ బాగానే వినిపిస్తాయి. నేను దగ్గరే ఉంటా కదా, తట్టి చెప్తుంటా. ఆయనకి తెలీదు."

"తెలియనివ్వలేదు అను."

"అలాగే అనుకో. అయితే నీకెట్లా తెలుసు?"

తూనీగ బట్టల కుప్ప మీద కూలబడింది. అడవిలో పది నిమిషాల లెక్క అని ఒకటుంది. తెల్లవారగానే వాగు పక్కన కదలకుండా నిలబడి, వినబడ్డ ప్రతి పిట్టనూ లెక్కలో వేయాలి. ఒకరు వింటారు, ఒకరు రాస్తారు. వినేవాళ్ళు చెప్పిందే రాయాలి, రాసేవాళ్ళ చెవులు లెక్కలోకి రావు. ఏడాదికో చెవి మారితే ఈ ఏటి లెక్కను పోయినేటి లెక్కతో పోల్చలేం అని మాస్టారు పెట్టిన నియమం. అందుకే అన్ని వేసవులూ చెవి ఆయనదే. పోయిన రెండేళ్ళూ కలం తూనీగది.

"సూదిపిట్ట తెలుసుగా నీకు?" అంది తూనీగ.

తెలియకేం. బొటనవేలంత పిట్ట. కంటికి కనబడదు, గొంతు మాత్రం సూదిలా సన్నగా వినిపిస్తుంది. మాస్టారి మొదటి వ్యాసం దాని మీదే. రెండేళ్ళుగా వాగు దగ్గర దాని గొంతు లేదని ఆయన కిందటి చలికాలం ఓ నివేదిక రాశారు. అది ఇక లేదని తేల్చిన ఆఖరి అధ్యాయం రాసిన రోజు అన్నం సగంలో వదిలేసి లేచారు. ఇప్పుడది పుస్తకమై, హాల్లో అట్టపెట్టెలో ప్రతులుగా ఉంది. పిల్లలకు బస్సులో పంచాలి, దారిలో అటవీ కార్యాలయంలో ఒకటి ఇవ్వాలి.

"పోయినేడు నాకు వినిపించిందమ్మా. చాలాసార్లు వినిపించింది. నాన్న పక్కనే ఉండి లేదంటుంటే నా చెవులే మోసం చేస్తున్నాయనుకున్నా. నాన్న చెవికి ఎదురు చెప్పేదాన్నా నేను? ఇంటికొచ్చాక, చలికాలం సెలవుల్లో, వాగు దగ్గర పెట్టిన రికార్డరు తీసి విన్నా. ఉందమ్మా. అది ఎక్కడికీ పోలేదు."

టైలరమ్మ సూది పక్కన పెట్టేసింది. తన రెండేళ్ళ తట్టుడు ఇంటి గోడలు దాటి అడవి దాకా పోయిందని ఆవిడకు అప్పుడే తెలిసింది. ఒక్క క్షణం భయపడింది. తర్వాత భయపడ్డ అమ్మలందరూ చేసే పనే చేసింది, కూతురి మీద కోప్పడింది.

"ఆర్నెల్లు ఊరుకున్నదానివి ఇవాళే దొరికిందా నీకు? ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. ఏడాదంతా ఈ మూడు వారాల కోసం బతికే మనిషి. అది కూడా లాగేస్తావా?"

"లాగేది నేనా? ఏదో ఒక రోజు కుర్ర చెవులున్న వాళ్ళెవరో వాగు దగ్గర నిలబడి వింటారు. అప్పుడీ పుస్తకం ఒక్కటే కాదమ్మా, ఇరవై ఆరేళ్ళ లెక్కా ఎవరూ నమ్మరు. నాన్న చెవులు పోయాయన్నది మనం చెప్పకపోతే ఊళ్ళోవాళ్ళు చెప్తారు."

"నా చెవులకేమైంది?"

మాస్టారు తలుపు తోసుకుని నిలబడ్డారు. చేతిలో జాబితా ఉంది. అన్నిటికన్నా చేటు ఏమిటంటే, మాటలు ఆయనకు శుభ్రంగా వినిపిస్తాయి.

తూనీగే చెప్పింది. టైమరు దగ్గర మొదలుపెట్టి, వాగు దాకా వెళ్ళి, రికార్డరు దగ్గర ఆపింది. తండ్రి ముఖం చూడకుండా కిటికీకేసి చూస్తూ చెప్పింది.

"నువ్వు విన్నావు," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "విని, రాయలేదు."

"రాసేవాళ్ళు చెప్పిందే రాయాలన్నావు నాన్నా."

"అది లెక్కలో. లెక్క అయ్యాక నోరు లేదా నీకు? ఇరవై రోజులు నా పక్కన కూచుని తిన్నావే." ఆయన భార్య వైపు తిరిగారు. "నువ్వు? పిల్లంటే భయపడింది. నీకేమైంది?"

"నాకూ భయమేనండి," అంది టైలరమ్మ.

"నా ఇంట్లో నా గురించి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట." ఆయన గొంతు పెరగలేదు. పెరిగితేనే బాగుండేది. "పెట్టు. వినిపించు నాకు."

తూనీగ కంప్యూటరు తెచ్చి కుట్టుమిషన్ పలక మీద పెట్టింది. గదిలో వాగు పారింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకునే ఒక్కో పిట్టనూ చెప్పుకుపోయారు. అది వడ్రంగిపిట్ట. అది గువ్వ. అదిగో, దూరంగా రెండు చిలకలు. ఒక్కటీ తప్పలేదు. తల్లీకూతుళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఆ గొంతులన్నిటి మీదా సూదిపిట్ట సీ, సీ, సీ, సీ అంటూనే ఉంది.

"ఇంకా రాలేదేం?" అన్నారాయన.

తూనీగకు ఏడుపొచ్చింది. కంప్యూటరు ఆయన వైపు తిప్పింది. తెర మీద ఆ శబ్దమంతా బొమ్మలా కనిపిస్తోంది. అడుగున వాగు హోరు మబ్బులా పరుచుకుని ఉంది, మధ్యలో పెద్ద పిట్టల గీతలు. పైఅంచున నాలుగు సన్నటి గీతలు, కాస్త ఖాళీ, మళ్ళీ నాలుగు.

"కచ్చా కుట్టు వేసినట్టుంది," అంది టైలరమ్మ, తనకు తెలియకుండానే.

ఆ బొమ్మ చదవడం ఏటేటా పద్నాలుగు మందికి నేర్పేది మాస్టారే. తెరకు ముక్కు తగిలేంత వంగారు. ఆ గీతల మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు జరిపారు.

"ఇప్పుడు అరుస్తోందా?"

"అరుస్తోంది."

"నీకూ వినిపిస్తోందా?" అన్నారు భార్యతో.

ఆవిడ తలూపింది.

మాస్టారు నడుం నిలబెట్టి, మెళ్ళో దిక్సూచి తీసి మిషన్ మీద పెట్టారు. "నేను రాను. పిల్లల్ని నువ్వు తీసుకెళ్ళు," అని కూతురికి చెప్పి పెరట్లోకి వెళ్ళిపోయారు.

తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. బస్సు డ్రైవరు ఫోను చేసి, సామాను ఎంతుంటుందని అడిగాడు. తూనీగ హాల్లో వలలు ఈ సంచిలోంచి ఆ సంచిలోకి మారుస్తూ తిరుగుతోంది. కిటికీలోంచి చూస్తే తండ్రి తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉన్నారు. వెళ్దామంటే కాళ్ళు రావు, ఊరుకుందామంటే మనసు ఊరుకోదు.

చివరికి టైలరమ్మే వెళ్ళింది. వెళ్ళి మెట్టు మీద కూర్చుంది.

"తిట్టండి," అంది.

"ఏమని తిట్టను? రెండేళ్ళు నా చెవి నువ్వయ్యావు. ఒక్కసారి చెప్పుంటే డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి కదా."

"చెప్తే మీరు అడవికి పోవడం మానేస్తారనుకున్నా. మానేస్తే ఈ ఇంట్లో మీరెట్లా ఉంటారో నాకు తెలీదు. ఎప్పుడూ చూళ్ళేదుగా." ఆవిడ చీర కొంగుతో కళ్ళొత్తుకుంది. "మీ కోసమే దాచానని ఇన్నాళ్ళూ అనుకున్నా. నాకోసం కూడా దాచానేమో. నేను తడితేనే మీకు తెలిసే సంగతులు కొన్నున్నాయి కదా అని... అదీ బాగానే ఉండింది నాకు. తప్పే."

మాస్టారికి సిగ్గేసింది. పెళ్ళాం తనకు అవసరమయ్యానని సంబరపడటానికి చెవులు పోవలసి వచ్చిందంటే, అంతకుముందు సంవత్సరాలన్నీ తనేం చేసినట్టు?

ఆ తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని ఆవిడ లేవబోయింది. నవ్వుతున్నారు, ఏడుస్తూనే.

"ఒసేయ్, అది పోలేదే," అన్నారు. "నేను దానికోసం ఏడాదిగా ఏడుస్తున్నా. చచ్చిపోయిందని రాసి అచ్చు కూడా వేయించా. అది రోజూ నా నెత్తి మీద కూచుని అరిచింది. పోయింది నా చెవే కదా. పోతే పోనీ."

తూనీగ పెరటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "నాన్నా, ఆఖరి అధ్యాయం కత్తిరించేస్తాను. అమ్మ కత్తెరతో పావుగంట పని."

"ఏం అక్కర్లేదు. ముందుమాట, ఆఖరి అధ్యాయం, అంతా పంచు. మొదటి రోజు చదవమందాం. రెండో రోజు వాగు దగ్గర నిలబెట్టి, ఈ పుస్తకం రాసినాయన ఎక్కడ తప్పాడో మీరే పట్టుకోండి అందాం. ఇంతకన్నా మంచి పాఠం ఏ ఏడాదీ చెప్పలేదు నేను." ఆయన ముక్కు తుడుచుకున్నారు. "అటవీ కార్యాలయానికి మాత్రం పుస్తకం వద్దు, ఉత్తరం రాసిస్తా. ఇక లెక్కలో చెవి నీది. కలం నాకివ్వు. నువ్వు చెప్పిందే రాస్తా, నోరెత్తను."

"నువ్వా? నోరెత్తకుండానా?" అంది తూనీగ.

"చూద్దువుగాని." ఆయన లేచి, భార్య వైపు తిరిగి, జాబితాలో ఏదో మర్చిపోయినట్టు తడబడ్డారు. "బస్సులో చోటుంది. కేంద్రంలో గది ఉంది. ఆ సంచుల్లో పిట్టల్ని నువ్వూ చూద్దువు గాని, రాకూడదూ?"

"ఎదురింటి పిల్ల గౌను ఇవాళ ఇస్తానన్నానండీ."

"మూడు వారాలాగి తొడుక్కుంటుంది."

టైలరమ్మ లోపలికి వెళ్ళి కుట్టుమిషన్ మీద మూత దించింది. బస్సు పదకొండుంపావుకు కదిలింది. ఆ పావుగంట ఆలస్యం ఆవిడ చెప్పుల కోసం వెతకడం వల్ల.

కేంద్రానికి చేరిన రెండో రోజు తెల్లారగట్ల వాగు పక్కన లెక్క మొదలైంది. పద్నాలుగు మంది పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తూనీగ కళ్ళు మూసుకుని ఒక్కో పేరూ చెబుతోంది. మాస్టారు రాస్తున్నారు. "సూదిపిట్ట, ఒకటి," అంది కూతురు. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి, రాసింది. "సూదిపిట్ట, రెండు." అదీ రాసింది. నోరెత్తలేదు.

లెక్క ముగిసింది. పిల్లలు పుస్తకంలో తప్పు మేం పట్టామంటే మేం పట్టామని వాదులాడుకుంటూ టిఫినుకు వెళ్ళిపోయారు. వాళ్ళను తోలుకుంటూ తూనీగా వెళ్ళింది. మాస్టారు వాగు దగ్గరే ఉండిపోయారు. నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది ఆయనకు.

వెనక నుంచి భుజం మీద రెండు వేళ్ళు పడ్డాయి. నాలుగు సార్లు తట్టి, కాస్త ఆగి, మళ్ళీ నాలుగు సార్లు తట్టాయి.

"దగ్గర్లోనే ఉందా?" అని అడిగారు మాస్టారు, తల తిప్పకుండా.

"మన నెత్తి మీదేనండి," అంది ఆవిడ, తట్టడం ఆపకుండా.